డిలీట్ పంపేముందు: డెల్టా పిల్లలకు నా అనుభవ పాఠాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె కొట్లకీ మిల్లులకీ బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసి, నడిపి, చెడితే బాగుచేసి బతికినవాణ్ణి. ఇప్పుడా పని మీ చేతుల్లోకి వచ్చింది. ఏపీఐ ద్వారా సరుకు ఎక్కించడం, ధర మార్చడం, బిల్లు తెరవడం మీకు వారం రోజుల్లో ఒంటబడతాయి. ఎక్కించింది తప్పయితే కంటికి కనపడుతుంది. ఎవరో ఒకరు ఫోన్ చేసి కేకలేస్తారు, మీరు దిద్దుతారు. తీసేసింది తప్పయితే మాత్రం కనపడదు. లేనిదాన్ని ఎవరు చూస్తారు? ఆర్నెల్ల తర్వాత ఆడిటరు లెక్కలు అడిగినప్పుడో, రైతు పాత బాకీ చూపించమన్నప్పుడో బయటపడుతుంది.

తెర మీద డిలీట్ నొక్కితే "ఖాయమేనా?" అని ఒక పెట్టె అడుగుతుంది. ఏపీఐలో ఆ పెట్టె ఉండదు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకి పని చెబుతుంది, రెంటిలో దేనికీ సందేహం రాదు. ఆ సందేహాన్ని కోడ్‌లో మీరే రాయాలి. అలా ఎక్కడెక్కడ రాయాలో చెబుతాను. మొదటి పాఠం బాగా పట్టుకోండి, మిగతావి సగం వచ్చినట్టే.

1. జాబితా ముందు, ఆజ్ఞ తర్వాత

డిలీట్ ఆజ్ఞ ఒక్క లైను. దాన్ని ఎవరైనా రాస్తారు. ఏమేం తీసేయాలో చెప్పే జాబితా తయారుచేయడమే అసలు పని. నేను చూసిన చెడ్డ డిలీట్లన్నిటిలో ఆజ్ఞ సరిగ్గానే ఉంది, జాబితాయే తప్పు.

ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2022 ఏప్రిల్ 5న అట్లాసియన్ కంపెనీలో జరిగింది. జీరా, కాన్‌ఫ్లుయెన్స్ తయారుచేసేది వాళ్ళే. మీలో హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు రోజూ తెరిచేవే అవి. ఇన్‌సైట్ అనే పాత యాప్‌ని వాళ్ళు తమ ముఖ్య ఉత్పత్తిలో కలిపేసుకున్నారు కాబట్టి, ఖాతాదారుల సైట్లలో విడిగా మిగిలిపోయిన పాతదాన్ని తీసేయాలనుకున్నారు. దానికి స్క్రిప్టు రాశారు. తీసేయమన్న జట్టు ఆ యాప్ ఐడీలకు బదులు, యాప్ ఉన్న సైట్ల ఐడీలు ఇచ్చింది. ఆ ఏపీఐ రెండు రకాల ఐడీలనూ పుచ్చుకుంటుంది. యాప్ ఐడీ ఇస్తే యాప్‌ని తీసేస్తుంది, సైట్ ఐడీ ఇస్తే సైట్‌నే తీసేస్తుంది. ఏది ఇచ్చారో తిరిగి అడగదు. 23 నిమిషాల్లో 775 మంది ఖాతాదారులకు చెందిన 883 సైట్లు మాయమయ్యాయి. మన గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట ఎనిమిది నిమిషాలకు మొదలై ఒకటిన్నర అయ్యేసరికి ముగిసింది. అన్నీ తిరిగి తెచ్చేసరికి కొందరికి 14 రోజులు పట్టింది.

ఆ కంపెనీ తర్వాత విడుదల చేసిన నివేదికలో నాకు గుచ్చుకున్న మాట ఇంకొకటుంది. ఆ స్క్రిప్టుని తోటి ఉద్యోగులు సరిచూశారు. కానీ చూసింది ఏపీఐలో ఏ ద్వారాన్ని (ఎండ్‌పాయింట్‌ని) పిలుస్తున్నాం, ఎలా పిలుస్తున్నాం అన్నది మాత్రమే. ఇచ్చిన ఐడీలు దేనివి అని ఎవరూ చూడలేదు. అంతకుముందు 30 సైట్ల మీద నడిపితే పద్ధతిగానే నడిచింది, ఎందుకంటే ఆ విడత జాబితా సరైనది. అలా నడిచిన స్క్రిప్టే, తప్పు జాబితా చేతిలో పడేసరికి అంత పని చేసింది.

కాబట్టి నాయనా, డిలీట్ రాసే రోజున ముందు డిలీట్ లేని స్క్రిప్టు రాయండి. తీసేయబోయే ప్రతిదాన్నీ ఏపీఐ నుంచి చదివి, ఐడీ, పేరు, రకం, చివరిసారి వాడిన తేదీ, దాని కింద ఎన్ని బిల్లులున్నాయో ఒక పట్టీలో రాయించండి. ఆ పట్టీని అచ్చేసి కొట్టు యజమాని చేతిలో పెట్టండి. ఫోన్‌కి పంపితే చదవకుండా "సరే" అంటారు. కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుంటారు. రేపల్లెలో ఒక ఎరువుల కొట్లో రెండేళ్ళుగా అమ్మకంలేని సరుకులు తీసేద్దామని అలా పట్టీ ఇస్తే, పెద్దాయన వేలు పెట్టి చదువుతూ నాలుగో లైను దగ్గర ఆగాడు. "ఇది అమ్మకంలేని సరుకు కాదు, కంపెనీ నుంచి రావలసిన రిబేటు ఖాతా. సరుకుల్లో ఎవరు పెట్టారో గాని ఇది పోతే నా డబ్బు పోతుంది" అన్నాడు. ఏ కోడూ పట్టలేని సంగతి అది.

ఆయన సంతకం పెట్టిన పట్టీలో ఉన్న ఐడీలే స్క్రిప్టులోకి వెళ్ళాలి. మళ్ళీ వెతికించి కొత్త జాబితా తీయకూడదు, మధ్యలో లెక్క మారిపోవచ్చు. పట్టీలో 38 ఉంటే 38 తీసేశాక స్క్రిప్టు ఆగిపోవాలి. 39వది తగిలితే అది తప్పు జాబితా అని దానికే తెలియాలి.

2. మారని గుర్తుతో పట్టుకోండి

పేరుతో వెతికి తీసేసేవాణ్ణి మన జిల్లాల్లో దేవుడే కాపాడాలి. సాంబశివరావు అన్న పేరు ఒకే కొట్టు లెక్కల్లో సాంబశివరావు, సాంబశివ రావు, సాంబశివరావ్ అని మూడు రకాలుగా ఉంటుంది. ముగ్గురూ ఒకరే కావచ్చు, వేరువేరు ఊళ్ళవాళ్ళూ కావచ్చు. "నకళ్ళు తీసేయ్" అని పేరు మీద నడిపితే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది.

ఊరూ జిల్లా కూడా నమ్మదగిన గుర్తులు కావు. 2022 ఏప్రిల్ 4న, అట్లాసియన్ గొడవకి సరిగ్గా ముందు రోజున, రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. నిన్నటిదాకా గుంటూరు జిల్లాలో ఉన్న రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. ప్రకాశం జిల్లా నుంచి చీరాల వైపు వచ్చి కలిసింది. కొట్ల సాఫ్ట్‌వేర్లలో జిల్లా, మండలం పట్టీలన్నీ ఒక్కసారి మార్చాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది కుర్రాళ్ళు చేసిన పని ఏమిటంటే, "గుంటూరు కింద రేపల్లె" అన్న పద్దుని ఏపీఐతో డిలీట్ చేసి, "బాపట్ల కింద రేపల్లె" అని కొత్తది సృష్టించడం. కొత్తదానికి కొత్త ఐడీ వచ్చింది. పాత ఐడీని పట్టుకు వేలాడుతున్న ఖాతాదారులకు ఊరే లేకుండా పోయింది. బిల్లు మీద ఊరి గడి ఖాళీ.

అక్కడ తీసేయాల్సింది ఏమీ లేదు. రేపల్లె రేపల్లెగానే ఉంది, దాని పై జిల్లా మారింది. పద్దు అలాగే ఉంచి, జిల్లాని "ఏ తేదీ నుంచి" అన్న గడితో సహా మార్చాలి. 2022 మార్చి బిల్లు మళ్ళీ అచ్చేస్తే గుంటూరు జిల్లా రావాలి, మే బిల్లుకి బాపట్ల జిల్లా రావాలి. తీసేయమని మీకు అప్పగించిన పనుల్లో చాలావాటికి నిజంగా కావలసింది మార్పే. ఆ ప్రశ్న ముందు వేసుకోండి.

పిన్‌కోడు చూడండి. జిల్లా మారినా రేపల్లె 522265, బాపట్ల 522101, అలాగే ఉన్నాయి. తెనాలి 522201 సంగతి సరేసరి. రాష్ట్రం విడిపోయాక జీఎస్టీలో మనకి 37, తెలంగాణకి 36 అంకెలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రపు 28ని మరొకరికి ఇవ్వలేదు, విభజనకు ముందరి ఆంధ్రప్రదేశ్ అని దాని మీద చీటీ ఉంది. బండ్ల నంబర్లలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చినా, గుంటూరు ఏపీ 07 బండ్లు ఆ నంబరుతోనే తిరుగుతున్నాయి. ఒక గుర్తుని విశ్రాంతిలో పెట్టాలి గాని, తుడిచి ఇంకొకరికి తగిలించకూడదు. మీ డేటాబేసులో కూడా తీసేసిన ఐడీని మళ్ళీ వాడొద్దు.

3. రద్దు వేరు, తొలగింపు వేరు

టాలీ నేర్చుకున్న తెనాలి గుమాస్తా ఎవరినైనా అడగండి. ఆల్ట్ ఎక్స్ కొడితే వోచరు రద్దవుతుంది. నంబరు ఉంటుంది, లెక్క ఉండదు, రద్దయిందని రాసి ఉంటుంది. ఆల్ట్ డి కొడితే వోచరే పోతుంది. ఈ తేడా తెలిసిన గుమాస్తా ఏపీఐ రాసే చాలామంది కంటే మేలు. వెనకటి చిట్టాల్లో తప్పు పద్దుని ఒక్క గీతతో కొట్టేసి, కింద అంకె చదవడానికి వీలుగా వదిలి, పక్కన సంతకం పెట్టేవాళ్ళు. కాగితం చింపేవాళ్ళు కాదు. మంచి సాఫ్ట్‌వేర్ చేయాల్సింది కూడా ఆ పనే. పద్దుకి "తొలగించిన తేదీ", "తొలగించినవారు", "కారణం" అన్న మూడు గడులు పెట్టి, ఆ తేదీ ఉన్నవాటిని తెర మీద చూపించకుండా ఉంచాలి.

మన ప్రభుత్వపు ఏపీఐ దీన్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఈ-ఇన్వాయిస్‌లో చూడండి. ఏడాదికి 5 కోట్లు దాటిన వ్యాపారానికి 2023 ఆగస్టు 1 నుంచి అది తప్పనిసరి. దుగ్గిరాల పసుపు వ్యాపారి తన బిల్లుని ఆ ఏపీఐకి పంపగానే 64 అక్షరాల ఐఆర్ఎన్ అనే గుర్తు వస్తుంది. ఆ బిల్లులో బరువు తప్పు పడిందనుకోండి. డిలీట్ అన్న పిలుపే అక్కడ లేదు. రద్దు పిలుపు ఉంది, అదీ 24 గంటల్లోపే. ఆ పిలుపులో ఐఆర్ఎన్‌తో పాటు కారణం అంకె ఇవ్వాలి: ఒకటి అయితే నకలు బిల్లు, రెండయితే ఎక్కించడంలో తప్పు, మూడయితే ఆర్డరు రద్దు, నాలుగయితే ఇతరం. దానికి తోడు ఒక మాట రాయాలి. బిల్లులో ఒక లైను మాత్రం రద్దు చేస్తానంటే కుదరదు, బిల్లు మొత్తం రద్దవ్వాలి. రద్దయిన బిల్లు నంబరుతో మళ్ళీ ఐఆర్ఎన్ రాదు. 24 గంటలు దాటితే క్రెడిట్ నోటు రాసుకోవాలి, లేదా రిటర్నులో సవరించుకోవాలి.

ఈ-వే బిల్లూ అంతే. మన రాష్ట్రంలో లోపలి రవాణాకి 2018 ఏప్రిల్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. 24 గంటల్లో రద్దు చేయవచ్చు గాని, దారిలో అధికారి లారీని ఆపి ఆ బిల్లుని తనిఖీ చేసి ఉంటే ఇక రద్దు కుదరదు. ఇందులో ఒక న్యాయం ఉంది. ఒక పద్దు మీద ఇంకొకరు ఆధారపడి ఏదైనా చేశాక, దాన్ని లేదనిపించే హక్కు రాసినవాడికి ఉండదు. మీరు రాసే ప్రతి డిలీట్ ద్వారానికీ ఈ కొలత పెట్టి చూడండి.

కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడా నిలవాలనీ, ఆ జాడని ఆపేయడానికి వీలు ఉండకూడదనీ 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది. కొట్టు చిన్నదైనా, కంపెనీ కాకపోయినా ఆ అలవాటు పెట్టుకోండి. "కారణం" గడి ఖాళీగా ఉంటే నా డిలీట్ పిలుపు పనిచేయదు. ఈ ఒక్క నియమంతో అనవసరపు తొలగింపులు చాలా ఆగాయి. ఎందుకు తీసేస్తున్నావో నాలుగు మాటల్లో రాయమంటే చాలామంది వద్దులే అనుకుని వెనక్కి తగ్గుతారు.

4. చదివే పిలుపుతో చెరిపే పని చేయించొద్దు

వెబ్‌లో గెట్ అంటే చదవడం, డిలీట్ అంటే తీసేయడం. కొందరు తేలికని డిలీట్‌ని కూడా మామూలు లింకుగా పెడతారు. 2005 మేలో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనం విడుదల చేసింది. మీరు నొక్కబోయే లింకుల్ని ముందే తెరిచి పెట్టి వేగం పెంచాలని దాని ఉద్దేశం. బ్యాక్‌ప్యాక్ వంటి అప్లికేషన్లలో లాగిన్ అయి ఉన్నవాళ్ళ పేజీల్లో "తొలగించు" లింకులున్నాయి. ఆ సాధనం పాపం వాటినీ ముందే తెరిచింది. మనుషులెవరూ నొక్కకుండానే వాళ్ళ పద్దులు పోయాయి.

ఇప్పుడు వాట్సాప్‌లో లింకు పెడితే చిన్న బొమ్మ రావడానికి ఆ పేజీని తెరిచి చూస్తుంది. ఈమెయిల్ వడపోతలు వైరస్ కోసం లింకులు తెరుస్తాయి. "ఈ ఆర్డరు తీసేయడానికి ఇక్కడ నొక్కండి" అని మెసేజీలో పంపేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, మనిషి కంటే ముందు యంత్రం నొక్కుతుంది.

5. జవాబు అంకెల్ని చదవడం నేర్చుకోండి

204 వస్తే తీసేశాను, చెప్పడానికి ఇంకేం లేదు అని. 202 వస్తే నీ మాట విన్నాను, పని ఇంకా కాలేదు అని. 202ని 204 అనుకుని పట్టీలో టిక్కు పెట్టేసేవాళ్ళని చాలామందిని చూశాను. 409 అంటే ఎక్కడో పేచీ ఉంది, చూసి రా అని. 429 అంటే మరీ తొందరపడుతున్నావు, ఆగమని. ఆగాలి, అంతేగాని ఇంకో ఏపీఐ కీతో తోసుకుపోకూడదు.

అసలు చిక్కు జవాబే రానప్పుడు వస్తుంది. మిల్లులో కరెంటు పోతుంది, రౌటరు ఆగుతుంది. పిలుపు వెళ్ళిందా? వెళ్ళి పని జరిగిందా? తెలియదు. దీన్ని ముందే ఊహించి వెబ్ ప్రమాణం రాసినవాళ్ళు డిలీట్‌కి ఒక లక్షణం పెట్టారు. 2022 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110లో కూడా అది ఉంది: ఒకే డిలీట్‌ని ఒకసారి పంపినా పదిసార్లు పంపినా సర్వర్‌లో చివరి స్థితి ఒకటే కావాలి. కాబట్టి జవాబు రాకపోతే భయం లేకుండా మళ్ళీ పంపవచ్చు. రెండోసారి 404 వస్తే, మొదటిసారే పోయిందన్నమాట.

కానీ మొదటి పిలుపుకే 404 వస్తే మాత్రం "పోనీలే, ఎలాగూ లేదు" అని సాగిపోవద్దు. జాబితా తీసిన గంటకే ఆ వస్తువు లేకుండా పోయిందంటే, ఐడీ అయినా తప్పు, ఇంకెవరైనా తీసేస్తూ అయినా ఉండాలి. రెంటికీ ఆగాల్సిందే. కొన్ని ఏపీఐలైతే అసలు చెప్పనే చెప్పవు. జీమెయిల్‌లో ఒక్క పిలుపుతో 1000 మెయిళ్ళు తీసేసే ద్వారం ఉంది. ఆ ఐడీలు నిజంగా ఉన్నాయో లేవో తను హామీ ఇవ్వనని దాని పత్రంలోనే రాసి ఉంది. అదే జీమెయిల్‌లో చెత్తబుట్టలో వేసే పిలుపు వేరు, శాశ్వతంగా తీసేసే పిలుపు వేరు. మొదటిది వాడమని వాళ్ళే సలహా ఇస్తారు. బుట్టలో 30 రోజులుంటుంది.

404 వచ్చింది మొదటి పిలుపుకా, రెండోదానికా అన్నది తెలియాలంటే పంపేముందు ఒక లైను, జవాబు వచ్చాక ఒక లైను లాగ్‌లో రాయాలి. పంపాక మాత్రమే రాసే లాగ్, కరెంటు పోయిన రాత్రి ఎందుకూ పనికిరాదు.

6. పేజీలు తిప్పుతూ తీసేయొద్దు

ఇది చిన్న సంగతే గాని ప్రతి కొత్త కుర్రాడూ ఇక్కడ తడబడతాడు. తీసేయాల్సిన నకళ్ళు 250 ఉన్నాయి, ఏపీఐ పేజీకి 100 ఇస్తుంది అనుకోండి. మొదటి పేజీ తెచ్చి 100 తీసేశారు. మిగిలిన 150 ముందుకు జరిగాయి. ఇప్పుడు రెండో పేజీ అడిగితే, మొదటి 100 వదిలి చివరి 50 ఇస్తుంది. అవీ తీసేశారు. మూడో పేజీ అడిగితే ఖాళీ. స్క్రిప్టు "అయిపోయింది" అని ఆగుతుంది. లోపల 100 అలాగే ఉన్నాయి.

మందు రెండు రకాలు. ఐడీలన్నీ ముందే తెచ్చుకుని పట్టీలో పెట్టుకోవడం, లేదా ఎప్పుడూ మొదటి పేజీనే అడగడం. మొదటి పాఠం పాటించినవాడి దగ్గర పట్టీ ముందే ఉంటుంది కాబట్టి అతనికి ఈ బాధ రాదు.

7. దాని కింద ఎవరున్నారో చూడండి

ఖాతాదారుణ్ణి తీసేస్తే అతని బిల్లులేం కావాలి? డేటాబేసులో దీనికి జవాబు ముందే రాసి ఉంటుంది, మీరు రాయకపోతే ఇంకెవరో రాసి ఉంటారు. కాస్కేడ్ అని ఉంటే తండ్రి పద్దుతో పిల్ల పద్దులన్నీ పోతాయి. రిస్ట్రిక్ట్ అని ఉంటే, పిల్లలున్నంత వరకు తండ్రిని కదలనివ్వదు. మూడోది పిల్లల గడిని ఖాళీ చేసి వదిలేస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నేను రిస్ట్రిక్ట్ తప్ప ఇంకొకటి ఒప్పుకోను. పని నెమ్మదవుతుంది, విసుగొస్తుంది, ఫర్వాలేదు. బాపట్లలో ఒక మిల్లు యజమాని కొడుకు లావాదేవీ ఆగిపోయిన కమీషన్ ఏజెంటు పేరు ఒక్కటి తీసేశాడు, ఆ పేరు కింద ఉన్న రైతుల ధాన్యం తూకాలన్నీ దాంతో పోయాయి. ఎప్పటిదో ఒక కాస్కేడ్ అది. తూకం చీటీలు కాగితం మీద ఉండబట్టి రైతులకు డబ్బు అందింది.

అట్లాసియన్ కథలో ఇంకో ముక్క ఇక్కడ చెప్పాలి. సైట్లు పోయినప్పుడు వాటితోపాటు ఆ ఖాతాదారుల సంప్రదింపు వివరాలూ పోయాయి. ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళకి కబురు పెట్టడానికి ఫోన్ నంబరు దొరకలేదు. ఫిర్యాదు ఇవ్వాలంటే సైట్ పేరు అడిగే వ్యవస్థకి ఆ సైట్ తెలియదు. తీసేయబోయే వస్తువు లోపలే దాన్ని కాపాడే సాధనం ఉందేమో చూసుకోండి. పట్టీలో యజమాని ఫోన్ నంబరు కూడా రాయించమని నేను పట్టుబట్టేది అందుకే.

8. ఖాళీ గడి అంటే "ఏదీ కాదు" అని కాదు, "అన్నీ" అని

వడపోతలో ఊరి పేరు ఇవ్వాల్సిన చోట ఖాళీ వెళితే, చాలా ఏపీఐలు ఏ ఊరూ కాదు అనుకోవు, అన్ని ఊళ్ళూ అనుకుంటాయి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాధనంలో ఒకప్పుడు ఒక్క నక్షత్రం గుర్తుతో ఉన్నదంతా తీసేయగలిగేవాళ్ళు. ఎనిమిదో వెర్షన్ నుంచి పేరు స్పష్టంగా చెబితేనే తీసేస్తుంది. మీ కోడ్‌లోనూ ఆ కట్టడి ఉండాలి: వడపోత ఖాళీ అయితే పిలుపు బయటకే వెళ్ళకూడదు.

ఖాళీ గడి ఎంత దూరం తీసుకెళ్తుందో 2024 మేలో ఆస్ట్రేలియా చూసింది. ఆరు లక్షలమందికి పైగా ఉద్యోగుల పింఛను సొమ్ము చూసే యూనిసూపర్ అనే సంస్థకి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న సర్వర్ల సముదాయం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది. అది ఏర్పాటు చేసిన రోజున ఒక గడి ఖాళీగా వదిలారు. ఆ ఖాళీకి వ్యవస్థ ఏడాది గడువు అని అర్థం చెప్పుకుంది. ఏడాది నిండగానే దానంతట అదే తీసేసింది. ఖాతాదారు అడిగి తీసేయించింది కాదు కాబట్టి ముందస్తు హెచ్చరిక కూడా వెళ్ళలేదు. విడిగా దాచిన బ్యాకప్‌లు, వాటిలో వేరే కంపెనీ దగ్గర పెట్టినవి కూడా ఉండబట్టి, వారానికి పైగా కష్టపడి లేచారు.

బ్యాకప్ ఉందని చెప్పడం కాదు, తిరిగి తెచ్చి చూశారా అన్నదే ప్రశ్న. డిలీట్ నడిపే ముందురోజు, ఆ బ్యాకప్‌ని వేరే యంత్రంలో తెరిచి, పట్టీలోని మొదటి పద్దునీ చివరి పద్దునీ అందులో వెతికి చూడండి. అరగంట పని.

9. డిలీట్ తాళం వేరుగా ఉండాలి

రోజువారీ బిల్లులు రాసే కీకి తీసేసే అధికారం ఇవ్వొద్దు. దానికి వేరే కీ, అదీ పని ఉన్నరోజే తీసి, సాయంత్రం రద్దు చేయాలి. 2020 జూలైలో తాళం లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన డేటాబేసుల్ని ఎవరో వరసగా తుడిచి, "మియావ్" అన్న మాట వదిలిపెట్టారు. డబ్బు కూడా అడగలేదు. తీసేసే దారి తెరిచి ఉంటే చాలు, కారణం అక్కర్లేనివాళ్ళు వస్తారు.

10. అడిగినవాళ్ళకి నిజంగా తీసేయండి

ఇప్పటిదాకా ఆగమని, ఆలోచించమని, జాడ ఉంచమని చెప్పాను. దీన్ని సాకుగా చేసుకుని ఎవరి వివరాలూ ఎన్నటికీ తీసేయనివాళ్ళున్నారు. అది అన్యాయం. తెనాలిలో ఒకావిడ తన భర్త పోయిన తర్వాత కూడా ఒక కొట్టు నుంచి ఆయన పేరు మీద పండగపండక్కీ శుభాకాంక్షలు వస్తున్నాయని చెప్పుకుని బాధపడింది. "బాబూ, ఆ పేరు తీసేయించండి, ఫోన్ మోగినప్పుడల్లా చదవలేకపోతున్నాను" అంది. కొట్టువాళ్ళు తీసేశామన్నారు. తెర మీద తీసేశారు గాని, మెసేజీలు పంపే మరో కంపెనీ దగ్గర ఆ నంబరు అలాగే ఉంది.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 12వ సెక్షన్‌లో, తన వివరాలు తీసేయమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. చట్టం చెప్పినా చెప్పకపోయినా, ఆ ఇల్లాలి మాట చాలు. అదే సమయంలో జీఎస్టీ చట్టం లెక్కల్ని, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచమంటుంది. రెంటినీ ఒకేసారి పాటించడానికి దారి ఉంది. బిల్లు, దాని నంబరు, మొత్తం, పన్ను అలాగే ఉంటాయి, గడువు తీరేదాకా. ఖాతాదారు పద్దులోని ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పుట్టినరోజు, ఫొటో, మెసేజీల జాబితాలో పేరు, ఇవన్నీ పోవాలి. దాచిపెట్టడం కాదు, నిజంగా పోవాలి. మూడో పాఠంలో చెప్పిన "తొలగించిన తేదీ" గడి ఇక్కడ సరిపోదు. తెర మీద కనపడకుండా లోపల ఉన్న ఫోన్ నంబరు, ఉన్నట్టే లెక్క.

ఎస్సెమ్మెస్ కంపెనీకి, వాట్సాప్ సేవకి, మీ సాఫ్ట్‌వేర్ నుంచి వివరాలు వెళ్ళే ప్రతిచోటికీ విడివిడిగా డిలీట్ పిలుపు వెళ్ళాలి, ప్రతిదాని జవాబూ లాగ్‌లో పడాలి. ఆ లాగ్‌లో పేరు, నంబరు రాస్తే తీసేసింది మళ్ళీ అక్కడ బతుకుతుంది, కాబట్టి ఐడీ మాత్రమే రాయండి. తీసేయమని అడిగినవాళ్ళ ఐడీలతో ఒక పట్టీ వేరుగా పెట్టుకోండి, ప్రధాన డేటాబేసుకి బయట. బ్యాకప్‌లో పాత వివరాలు ఇంకా ఉంటాయి గదా. ఏదో ఒకరోజు సర్వర్ చెడి, బ్యాకప్ నుంచి అంతా వెనక్కి తెస్తారు, దానితోపాటు ఆ ఇల్లాలి భర్త ఫోన్ నంబరూ లేచి వస్తుంది. కొట్టు తెరిచి మొదటి మెసేజీ పంపకముందే ఆ పట్టీని మళ్ళీ ఒకసారి నడపాలి. మా దగ్గర బ్యాకప్ తిరిగి తెచ్చే స్క్రిప్టులో చివరి లైను అదే, అది పూర్తికానిదే సర్వర్ తలుపు తెరుచుకోదు.